పెట్రోలు దానంతటదే సర్దుకుంటుంది

మాచారెడ్డిలో ఒక మనిషి వస్తున్నాడని ముందు తెలిసేది కంటికి కాదు, చెవికి. కామారెడ్డి నుంచి సిరిసిల్ల పోయే రోడ్డు మీద బండి ఇంకా మలుపు అవతల ఉండగానే, ఫలానా వాళ్ల పిల్లగాడు సైలెన్సర్ మార్చాడని హోటల్లో చాయ్ తాగేవాళ్లు చెప్పేస్తారు. ఆ స్థాయికి చేరుకోవడం ఎలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నిజానికి అడగరు, నేనే చెప్తుంటాను. ఇరవై ఏండ్ల అనుభవం, రెండు పిస్టన్లు, ఒక ఎగ్జాస్ట్ వాల్వు, లెక్క పెట్టని ప్లగ్గులు. ఇంత ఖర్చు పెట్టి నేర్చుకున్న విద్య నాతోనే పోకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా బండి 1998 మోడల్ బుల్లెట్ 350. పాత కాస్ట్ ఐరన్ ఇంజిను, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మా కాక దుబాయ్ పోతూ పోతూ, "జాగ్రత్తగ సూస్కో రా" అని తాళం చేతిలో పెట్టాడు. మళ్లీ వచ్చేసరికి ఆయన బండిని ఆయనే గుర్తుపట్టలేదు. చప్పుడును మాత్రం ఊరంతా గుర్తుపడుతుంది.

సైలెన్సర్ కొనేటప్పుడు మొదట చేత్తో ఎత్తి చూడండి. తేలిగ్గా ఉందంటే మంచి సరుకు, లోపల ఏమీ లేదన్నమాట. కంపెనీవాళ్లు ఇచ్చినదాంట్లో గదులు, అడ్డుగోడలు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. పొగ పాపం ఆ గదులన్నీ తిరిగి తిరిగి, అలసిపోయి, తలవంచుకుని బయటికొస్తుంది. బుల్లెట్‌కు అయితే పంజాబీ, ఇందోరీ, డాల్ఫిన్, మెగాఫోన్ అని రకానికో పేరు ఉంది. పేరును బట్టి ఎంచుకోండి, కొలతల్ని బట్టి వద్దు. నేను కొన్నచోట కౌంటర్ మీది అబ్బాయి, "అన్నా, జెట్టు గిట్టు ఏం మార్చుడు లేదు, డైరెక్ట్ ఫిట్టింగే" అన్నాడు. డైరెక్ట్ ఫిట్టింగ్ అంటే బోల్టులు సరిపోతాయని మాత్రమే అర్థమని మా ఉస్తాద్ తర్వాత చెప్పాడు. ఇంజినుకు కూడా సరిపోతుందనే నేను అర్థం చేసుకున్నాను. మీరూ అలాగే చేసుకోండి, ఖర్చు తక్కువ.

ఉస్తాద్ సంగతి ఇక్కడే చెప్పాలి. ప్రతి ఊరికీ ఇలాంటి మెకానిక్ ఒకడు ఉంటాడు. బండి తీసుకుపోతే వెంటనే పానా పట్టడు. ముందు స్టార్ట్ చేయమంటాడు, కండ్లు మూసుకుంటాడు, సైలెన్సర్ వెనకాల అరచెయ్యి పెడతాడు, ఆ తర్వాత చెయ్యి వాసన చూస్తాడు. ఇలాంటివాళ్ల దగ్గరికి పోతే పని ఆలస్యం. ఆయన లెక్క ప్రకారం ఒక కిలో పెట్రోలు శుభ్రంగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలట. మనకు తెలిసిన కొలతలో చెప్పాలంటే ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. రేస్ పూర్తిగా ఇచ్చి బలం గుంజేటప్పుడు ఇంజిను ఇంకొంచెం పెట్రోలు అడుగుతుంది, పన్నెండున్నర పదమూడు కిలోల గాలికే ఒక కిలో. ఇప్పుడు సైలెన్సర్ ఖాళీది వేస్తే పాత పొగ సులువుగా బయటికి పోతుంది, ఆ జాగాలోకి కొత్త గాలి ఎక్కువ వస్తుంది. పెట్రోలు వచ్చే జెట్టు చిల్లు మాత్రం కంపెనీ పెట్టిన పాతదే.

"పది మందికి వండిన కూర పదమూడు మందికి వడ్డిస్తున్నవ్" అన్నాడు ఉస్తాద్.

మా ఇంట్లో ఏ ఫంక్షన్ అయినా చేసేది అదే. కూరలో చెంబెడు నీళ్లు పోస్తాం, ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. గాలి ఎక్కువొస్తే పెట్రోలు దానంతటదే సర్దుకుంటుంది. ఈ ఒక్క సూత్రం ఒంటబట్టించుకుంటే కార్బోరేటర్ గురించి మిగతాదంతా మీకు అక్కర్లేదు.

అయినా కొందరికి చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి తిప్పాలనిపిస్తుంది. వాళ్ల కోసం చెప్తున్నాను.

ముందుగా, ఎక్కడ తిప్పాలో తెలుసుకునే ప్రయత్నం చేయకండి. ఉస్తాద్ ఒకసారి నా బండి యాక్సిలరేటర్ రబ్బరు గ్రిప్పు మీద తెల్ల టేపు అతికించాడు. పక్కన స్విచ్చు డబ్బా మీద బాల్‌పెన్నుతో ఒక చిన్న గీత పెట్టాడు. రేస్ పూర్తిగా మూసి టేపు మీద సున్నా రాశాడు. ఇంకొంచెం తిప్పి పావు, తర్వాత సగం, ముప్పావు, ఫుల్లు. మొత్తం అయిదు గీతలు, ఆయన గోరంత వెడల్పులో. ఆ తర్వాత పాఠం మొదలుపెట్టాడు.

"మూసినకాడి నుంచి పావు దాంక పైలట్ జెట్టుది, ఎయిర్ స్క్రూది రాజ్యం. పావు నుంచి ముప్పావు దాంక సూదిది. ముప్పావు దాటినంక మెయిన్ జెట్టు. నువ్వు ఎంత స్పీడ్ల పోతున్నవో నాకు చెప్పకు. ఏ గీత కాడ బండి గుంజుతలేదో గది చెప్పు."

చూశారా, స్పీడు వద్దట! అరవైలో ఒకలా, ఎనభైలో ఒకలా ఉందని నేను చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే. మూడో గేర్‌లో సగం రేసు, టాప్ గేర్‌లో సగం రేసు కార్బోరేటర్‌కు దాదాపు ఒకటేనట. టేపు వల్ల హ్యాండిల్ అందం పోతోందని ఆ సాయంత్రమే పీకేశాను. మీ బండికి ఎవరైనా ఇలాంటి టేపు అతికిస్తే మీరూ పీకేయండి.

ఎయిర్ స్క్రూ విషయంలో నా సలహా ఒక్కటే: కుడికి, గట్టిగా. మెల్లగా మూసి, కూర్చున్నట్టు చేతికి తెలియగానే ఆపి, అక్కడి నుంచి ఎన్ని చుట్లు విప్పామో లెక్క పెట్టుకోవాలని ఉస్తాద్ అంటాడు. ఇంజిను వేడెక్కాక పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఐడ్లింగ్ ఎక్కడ అన్నిటికన్నా హుషారుగా ఉందో అక్కడ ఆపి, ఆ తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో స్పీడు దించాలట. మామూలుగా ఒకటిన్నర, రెండు చుట్ల దగ్గర తేలుతుంది. మూడు చుట్లు దాటినా బాగుపడుతూనే ఉంటే పైలట్ జెట్టు పెద్దదైనట్టు, అర చుట్టులోపలే ఆగితే చిన్నదైనట్టు. ఇంత లెక్క అక్కర్లేకుండా నేను స్క్రూడ్రైవర్ మీద బరువంతా మోపి బిగించాను. స్క్రూ మొన విరిగి లోపలే ఉండిపోయింది. అప్పటి నుంచి సెట్టింగు మారే సమస్యే లేదు.

ఇంకో రహస్యం. పాత బుల్లెట్‌లో ఉండే వీఎం24 లాంటి కార్బోరేటర్‌కు ఆ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటుంది, గాలిని అదుపు చేస్తుంది. బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు వాటా పెరుగుతుంది. కొత్తరకం సీవీ కార్బోరేటర్‌లలో స్క్రూ ఇంజిను వైపు ఉంటుంది, అది పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని అదుపు చేస్తుంది. అక్కడ విప్పితేనే పెట్రోలు పెరుగుతుంది. అంటే ఒకదానికి మందు ఇంకోదానికి విషం. ఈ తేడా పట్టించుకోకుండా మీ బుల్లెట్‌కు చేసిందే పక్కింటి పల్సర్‌కూ చేయండి. స్నేహాలు ఎంత గట్టివో తేలిపోతుంది.

సూదికి వద్దాం. సూది తలలో అయిదు గాట్లు, ఒక గాటులో చిన్న క్లిప్పు. ఆ క్లిప్పు మీదే సూది వేలాడుతుంది. క్లిప్పును కింది గాటులోకి మారిస్తే సూది పైకి లేస్తుంది, జెట్టు సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఇదేం తర్కం? క్లిప్పు కిందికి పోతే సూది పైకి పోవడమేమిటి? నేను మాత్రం పైకి అంటే పైకే అని క్లిప్పును మీది గాటులో పెట్టాను. సైలెన్సర్ మార్చాక ఇంజినుకు పెట్రోలు తక్కువైందని అందరూ అంటున్న రోజుల్లోనే, ఉన్నదాంట్లోంచి ఇంకొంత కోసేశాను. పొదుపంటే అదీ.

మెయిన్ జెట్టు మీద ఒక నంబరు ఉంటుంది. నాదాంట్లో 90. పక్కవాటికి పోవాలంటే 92.5, 95 అని చిన్న చిన్న మెట్లు. ఒక మెట్టు ఎక్కించి, నడిపి, ప్లగ్గు చూసి, చాలకపోతే ఇంకో మెట్టు, ఒక్కసారికి ఒక్కటే మార్పు, మార్చింది నోటుబుక్కులో రాసుకో అనేది ఉస్తాద్ పద్ధతి. వారం పడుతుంది. ఇంకో తిరకాసు, మికుని వాళ్ల నంబరు పెట్రోలు ఎంత పారుతుందో చెప్తుంది, కెయిహిన్ వాళ్ల నంబరు చిల్లు ఎంత వెడల్పో చెప్తుంది. ఒకరి 95కూ ఇంకొకరి 95కూ పొంతన లేదు. ఇదంతా చూసి నాకు విసుగొచ్చి క్లచ్ వైరు లోంచి ఒక పోగు లాగాను. చిల్లులో పెట్టి ముందుకూ వెనక్కీ పది నిమిషాలు రుద్దాను. ఇప్పుడు నా జెట్టు నంబరు ఎంతో ఏ కంపెనీవాడూ చెప్పలేడు. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టిన. చిల్లు గుండ్రంగా ఉండాలన్న మూఢనమ్మకం మా ఊళ్లో ఆ రోజుతో పోయింది.

ఇంత రుద్దాక పెట్రోలు ఎక్కువై పొగ నల్లగా వస్తే ఏం చేయాలి? ఫిల్టర్ తీసేయండి. గాలి ఇంకా వస్తుంది, లెక్క సరిపోతుంది. మా రోడ్డు మీద మొరం టిప్పర్లు, కోతల కాలంలో హార్వెస్టర్లు, వడ్ల ట్రాక్టర్లు. ఆ దుమ్మంతా ఊరివాళ్ల ముక్కుల్లోకే ఎందుకు పోవాలి, నా సిలిండర్‌లోకి కూడా కొంత పోనీ. పిస్టన్ రింగుల మీద అది గీసిన గీతలు చూసి ఉస్తాద్ చాలాసేపు మాట్లాడలేదు. మెచ్చుకోవడానికి మాటలు దొరకలేదనుకున్నాను.

ప్లగ్గు రంగు చూసి ఇంజిను జాతకం చెప్పొచ్చంటారు. కామారెడ్డివాళ్లకు ఇది ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. బెల్లం మార్కెట్ ఉన్న ఊరు, రంగు చూసి సరుకు చెప్పడం ఇక్కడ పుట్టుకతో వస్తుంది. ప్లగ్గు కొన చుట్టూ ఉండే పింగాణీ కొత్తబెల్లం రంగులో ఉంటే గాలి, పెట్రోలు సమంగా ఉన్నట్టు. మసి పట్టి నల్లబెల్లంలా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. సీసం కలిపిన పెట్రోలు 2000లో పోయినప్పటి నుంచి ఆ రంగు అంత స్పష్టంగా కనపడదు, పింగాణీ అడుగున సన్నని వలయం వెతకాలి. తీసే పద్ధతి కూడా ఉంది. తిన్నని రోడ్డు మీద ఫుల్ రేసుతో నడిపి, అదే రేసులో క్లచ్ పట్టి, ఇంజిను ఆపేసి, అక్కడికక్కడే ప్లగ్గు విప్పాలి. అప్పుడే అది మెయిన్ జెట్టు చెప్పే సాక్ష్యం. నేను మాత్రం మెల్లగా ఊళ్లోకి వచ్చి, నలుగురితో మాట్లాడి, ఇంటికి పోయి, అన్నం తిని, ఒక కునుకు తీసి ప్లగ్గు విప్పాను. అది ఐడ్లింగ్‌లో పట్టిన రంగట. ఏ రంగైతేనేం, చూడ్డానికి బాగుంది. తెల్లగా వచ్చిన రోజు మా ఇంట్లోవాళ్లకు చూపించి, ఎంత శుభ్రంగా కాలుతోందో చూడండన్నాను.

ఈ విషయంలో నన్ను మొదట తప్పుపట్టింది ఉస్తాద్ కాదు, మా మేనత్త. ఆమె పొద్దంతా వాకిట్లో చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేస్తుంది. వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా తల ఎత్తదు. నేను సగం రేసులో ఒకే తీరుగా ఇంటి ముందు నుంచి పోతుంటే, ఆ బండి తనంతట తాను ముందుకు లాగుతూ, ఆగుతూ, మళ్లీ లాగుతూ ఉండేది. నేను దాన్ని హుషారు అనుకున్నాను.

"నీ బండికి దమ్ము లేసినట్టుంది గదరా" అంది అత్త, తల ఎత్తకుండానే.

"గది పవర్ అత్తా."

"పవరా? ఇగో, ఇటు సూడు." చేతిలోని బీడీని వేళ్ల మధ్య నొక్కి చూపించింది. మెత్తగా దిగింది. "తంబాకు తక్కువేసి సుట్టిన్రనుకో, గాలి ఎక్కువ గుంజుకుంటది. జల్ది కాల్తది, గొంతు మంట లేస్తది, మూతి కాల్తది. నీ బండి సప్పుడు గట్లనే ఉంది."

అత్త జన్మలో కార్బోరేటర్ చూడలేదు. ఉస్తాద్‌కు చెప్తే నవ్వి, చోక్ కొంచెం లేపి బండి నడిపించాడు. లాగుడు ఆగిపోయింది, బండి నూనె పోసినట్టు సాగింది. చోక్ లేపితే పెట్రోలు వాటా పెరుగుతుంది. అలా చేసినప్పుడు బండి బాగుపడితే దానికి పెట్రోలు చాలడం లేదన్నమాట. అర నిమిషం పరీక్ష, పైసా ఖర్చు లేదు. అందుకే నాకు దీనిమీద గౌరవం కలగలేదు. బీడీలు చేసే ఆడవాళ్ల మాట మీద ఇంజిను సెట్ చేస్తారా ఎవరైనా?

పటాకుల సంగతికొద్దాం. రేస్ వదిలినప్పుడు వెనకాల టప్ టప్ టప్‌మని పేలడం ఈ విద్యకంతటికీ పరాకాష్ఠ. కొందరు దీనికోసం విడిగా డబ్బులిస్తారు. రేస్ మూసినప్పుడు వచ్చే పల్చటి మిశ్రమం సిలిండర్‌లో అంటుకోక అలాగే బయటికి పోయి, కాగిన గొట్టంలో గాలి తగలగానే భగ్గుమంటుంది. పాత బుల్లెట్‌లో బెండ్ పైపు హెడ్‌లోకి గుచ్చి ఉంటుంది, ఆ సందులోంచి గాలి దూరితే పటాకులు రెట్టింపు. కాబట్టి సందు మూయకండి. ముందు ఆ లీకు ఆపు, తర్వాత కార్బోరేటర్ ముట్టు, లేకుంటే లేని రోగానికి మందు పోస్తవ్ అంటాడు ఉస్తాద్. టాపెట్ సందు, పాయింట్ల గ్యాపు, ఇన్‌టేక్ ప్యాకింగ్ ఇవన్నీ చూశాకే జెట్టు పెట్టె తెరుస్తాడట. ఒక రోజు రోడ్డు మీద ఆరబోసిన మక్కల పక్కన రేస్ వదిలాను. కావలి ఉన్న ముసలవ్వ లేచి నిలబడింది, బర్రె తాడు తెంపుకుంది. ఇంతకు మించిన గుర్తింపు నాకు మళ్లీ రాలేదు.

వాతావరణం గురించి కొందరు భయపెడతారు. మే నెల మిట్టమధ్యాహ్నం 44 డిగ్రీల్లో గాలి పల్చబడుతుంది, డిసెంబర్ పొద్దున 12 డిగ్రీల్లో చిక్కబడుతుంది. రెంటికీ మధ్య తేడా దాదాపు 10 శాతం. అంటే ఎండల్లో సరిగ్గా సరిపోయిన జెట్టు చలికాలం పొద్దున చాలదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి ఈ కలిపిన పెట్రోలుకు 14.7 వద్దు, దాదాపు 13.5 వంతుల గాలే చాలు. ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ చూసి సర్దుతుంది. కార్బోరేటర్‌కు పేపర్ చదివే అలవాటు లేదు, అదే చిల్లు, అదే ధార. నేను ఏ మార్పైనా మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, చెట్టు కింద నిలబెట్టిన బండి మీద చేస్తాను. చలికాలం దాకా ఆలోచించేవాడు రైతు కావాలి కానీ రైడర్ కాడు.

మా బావ ఆర్ఎక్స్ 100 గురించి చెప్పకపోతే ఆయన అలుగుతాడు. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి, ఇప్పటికీ పెళ్లిచూపుల్లో దాని ప్రస్తావన వస్తుంది. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ అంటే పొగగొట్టం కాదు, ఇంజినులో సగం. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్ 1950లలో దీనిమీదే కూర్చున్నాడు. గొట్టం ఒకచోట వెడల్పై మళ్లీ సన్నబడితే పొగ తరంగం అక్కడ తగిలి వెనక్కి వస్తుంది. సిలిండర్ లోంచి జారిపోబోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ లోపలికే నెడుతుంది. 1961లో ఆ కంపెనీ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసుకు పోయి, అటునుంచి అటే పారిపోయి సుజుకీలో చేరాడు. 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీదే. గొట్టం కొలతల కోసం ఒక మనిషి దేశమే విడిచిపోయాడు. మా బావ హ్యాక్సా బ్లేడుతో అరగంటలో ఆ కొలతలన్నిటినీ కోసి పారేశాడు.

చప్పుడు పెరిగింది, మధ్య రేసులో బండి పడుకుంది. ఇంజినుకు రక్షణగా ఉంటుందని ఆయన పెట్రోల్లో 2టి ఆయిల్ ఒకటికి రెండు పోశాడు. ఆయిల్ ఎక్కువైతే అదే జెట్టులోంచి వచ్చే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, మిశ్రమం ఇంకా పల్చబడుతుంది. చుక్కాపూర్ నర్సింహస్వామి దర్శనానికి పోతూ దారిలో వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఆయన, మా అక్క, కొబ్బరికాయ మూడూ వేర్వేరు చోట్ల దొరికాయి. కొబ్బరికాయ మాత్రమే పగిలింది, అంతా స్వామి దయ.

మీ బండి 2020 ఏప్రిల్ తర్వాత కొన్నదైతే, అంటే బీఎస్6 అయితే, అందులో కార్బోరేటర్ ఉండకపోవచ్చు. నిరాశ పడకండి. ఏదో ఒక స్క్రూ ఎక్కడో ఉంటుంది. దొరికినదాన్ని తిప్పండి.

చట్టం సంగతి. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్‌కు కంపెనీ దగ్గరే 80 డెసిబెల్స్ హద్దు పెట్టారు. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పదింతలు పెరుగుతుంది, కాబట్టి మనం ఎన్ని పదుల్లో ఉన్నామో మన ప్రతిభను బట్టి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత మొదటిసారికే రూ. 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. భయమేం లేదు. తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద బైకులకు 2022లో 75 శాతం, 2023 చివర్లో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. చీరల షాపులో ఆషాఢం కోసం ఆగినట్టు మీరూ ఆగండి. పోలీసులు సైలెన్సర్లు పీకి వరసగా పరిచి రోడ్డు రోలర్ ఎక్కిస్తున్న వీడియోలు మీరు చూసే ఉంటారు. కార్బోరేటర్ సెట్టింగు లేకుండానే పనిచేసిన ఇంజిను అందులో నాకు అదొక్కటే కనపడింది.

ఇవన్నీ పాటిస్తే ఫలితం ఎలా ఉంటుందో నా అనుభవం చెప్తాను. ఎండాకాలం, సిరిసిల్ల వైపు, అడవి మొదలయ్యే చోట. ఫిల్టర్ లేదు, సూది కింద ఉంది, స్క్రూ మొన శాశ్వతంగా లోపల ఉంది. ఫుల్ రేసులో పోతున్నాను. బెండ్ పైపు మీది క్రోమ్ అప్పటికే గోధుమరంగు దాటి నీలంలోకి వచ్చింది. నెమలిమెడ రంగు అది, కావాలని వేయించుకున్నా రాదు. పటాకులు ఆగకుండా పేలుతున్నాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. చప్పుడు మొత్తం ఆగింది. చెట్ల మీద ఏవో పిట్టలు కూస్తున్నాయని ఆ రోడ్డు మీద నాకు మొదటిసారి తెలిసింది.

కిక్కు కొట్టాను. బుల్లెట్ కిక్కు అంటే ఎదురు తన్నాలి. నా కాలు చెరువు నీళ్లలోకి దిగినట్టు మెత్తగా దిగింది. టాటా ఏస్ వచ్చేదాకా రెండు గంటలు నీడన కూర్చున్నాను. బండిని ట్రాలీలో ఎక్కించేటప్పుడు సైలెన్సర్ ఉన్న వైపు జనానికి కనపడేటట్టు నిలబెట్టించండి, ఇది నా సొంత చిట్కా.

ఉస్తాద్ హెడ్ విప్పి ఎగ్జాస్ట్ వాల్వు తీసి నా అరచేతిలో పెట్టాడు. గుండ్రటి అంచులో ఒక పక్క ఎలుక కొరికిన సర్వపిండిలా ఉంది. తిట్టలేదు. వాల్వు వేశాడు, సిలిండర్ బోరు చేయించాడు, పాత కార్బోరేటర్ బాడీ పారేసి ఇంకోటి పెట్టాడు, ఫిల్టర్ మళ్లీ బిగించాడు. వారం రోజులు పొద్దున పొద్దున నడిపి చూశాడు. గ్రిప్పు మీద మళ్లీ తెల్ల టేపు అంటించాడు. చివరికి బీడీకట్ట లేబులు వెనకాల బాల్‌పెన్నుతో రాసిచ్చాడు: మెయిన్ జెట్టు 95, సూది మీదికెళ్లి నాలుగో గాటు, ఎయిర్ స్క్రూ ఒకటీ ముప్పావు చుట్టు, టాపెట్లు చల్లటి ఇంజిను మీద. "గిది పైలంగ పెట్టుకో. ఎవ్వడన్న ముట్టుకుంటే గీ నంబర్లకు మళ్ల తీస్కరావాలె" అన్నాడు.

బండి మెత్తగా నడిచింది. మరీ మెత్తగా. మేనత్త బీడీల చాట మీంచి తల కూడా ఎత్తలేదు, చాయ్ హోటల్లో ఎవరూ తిరిగి చూడలేదు. మూడో రోజు బెండ్ పైపు సందులో సన్నగా బుస్సుమన్న చప్పుడు వినపడింది. అక్కడ ప్యాకింగ్ పల్చబడింది. కామారెడ్డి దాకా పోయి కొత్తది తేవడానికి ఓపిక లేక జేబులు వెతికితే ఆ చీటీ దొరికింది. నాలుగు మడతలు పెట్టి సందులోకి దూర్చాను. సరిగ్గా కొలిచినట్టు పట్టింది. గజ్యానాయక్ తండా చౌరస్తా దాకా ఏమీ కాలేదు.

ఆ తర్వాత కొంచెం కాగితం కాలిన వాసన వచ్చింది.